తోక తగిలిస్తే కారు పరుగెత్తదు

ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలో గంటలు కట్టి మురిసిపోవడం పల్లెలకు కొత్త కాదు. అయితే కుప్పెలు తొడిగినందువల్ల అరక జోరుగా సాగుతుందని ఏ రైతూ అనుకోడు. కార్ల విషయంలో మాత్రం ఆ తెలివిడి లోపిస్తోంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న కుర్రకారులో చాలామంది ముందుగా చూసేది బ్రేకులు, టైర్లు కాదు. డిక్కీ మీద రెక్క, బానెట్ మీద ఉత్తుత్తి గాలికన్నం, కళ్లు చెదిరే లైట్లు కావాలి. ఆ రెక్కనే స్పాయిలర్ అంటారు. అది బిగిస్తే కారు వేగం పెరుగుతుందని, రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని ఒక నమ్మకం ప్రబలింది. ఇందులో నిజమెంత?

స్పాయిలర్ వట్టి బూటకమేమీ కాదు. గాలికి ఎదురుగా గొడుగు పట్టుకుని సైకిలు తొక్కినవారికి గాలి బలం తెలుసు. కారు బాగా వేగంగా పోయేటప్పుడు పైకప్పు మీదుగా జారే గాలి దాని వెనుక భాగాన్ని పైకి లేపుతుంది. చక్రాల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది. ఆ గాలి దారిని చెడగొట్టి, లేచే గుణాన్ని తగ్గించడమే స్పాయిలర్ పని.

ఇందుకు ఆడి టీటీ కారే సాక్ష్యం. 1998లో ఈ కారు మార్కెట్లోకి వచ్చింది. జర్మనీలో గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంలో, మలుపుల్లోనూ హఠాత్తుగా పక్కకు తిప్పినప్పుడూ అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి. ప్రాణాలు పోయాయి. చివరకు కంపెనీ అమ్మిన కార్లను వెనక్కి పిలిచి స్పాయిలర్ అమర్చింది. దాంతోపాటు సస్పెన్షన్‌ను కూడా సవరించింది. రెక్క ఒక్కటే సరిపోతుందని ఆ ఇంజనీర్లు కూడా అనుకోలేదు.

ఇక్కడ గమనించవలసింది వేగం. గాలి బలం వేగంతోపాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగింతలవుతుంది. 200 కిలోమీటర్ల వేగంలో రెక్క మీద ఎంత బలం పడుతుందో, 50 కిలోమీటర్ల వేగంలో అందులో పదహారో వంతు మాత్రమే పడుతుంది. గేదెలు అడ్డం వచ్చే రోడ్డు మీద, ధాన్యం ఆరబోసిన తారు మీద, గుంతల దారిలో ఆ రెక్కకు పనేముంది?

మరో సంగతి. మారుతి 800 మొదలుకొని ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాల బలంతో నడిచేవే. వెనుక భాగాన్ని కిందికి అదిమితే లాగే చక్రాలకు ఒరిగేదేమీ లేదు. పైగా వాలు సరిగా లేని రెక్క గాలిని అడ్డగించి వేగాన్ని తగ్గిస్తుంది. ఆ మేరకు పెట్రోలు వృథా. కంపెనీలే కొన్ని కార్లకు చిన్న రెక్క పెట్టి అమ్ముతున్నాయి గదా అని అడగవచ్చు. అలాంటి వాటి వాలు, ఎత్తు కారు రూపాన్ని బట్టి ముందే నిర్ణయిస్తారు. షాపులో వేలాడదీసిన రెక్కను ఏ కారుకు తగిలిస్తారో దాన్ని తయారుచేసినవాడికే తెలియదు.

గట్టిగా బిగించని రెక్క ప్రమాదకరం కూడా. 1969లో బార్సిలోనాలో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీ పందెంలో రెండు లోటస్ కార్ల రెక్కలు విరిగి, రెండూ ప్రమాదానికి గురయ్యాయి. ఆ వెంటనే అంత ఎత్తు రెక్కలను నిషేధించారు. ఆరితేరిన ఇంజనీర్ల రెక్కలే విరిగినప్పుడు, జిగురు టేపుతో, రెండు స్క్రూలతో నిలబెట్టినది ఊడి వెనుక వచ్చే మోటారుసైకిలు మీద పడదని హామీ ఏమిటి? స్క్రూల కోసం చేసిన రంధ్రాల గుండా వాన నీరు దిగి డిక్కీ తుప్పు పట్టడం వేరే నష్టం.

చట్టాన్ని కూడా మరువరాదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి తెచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా విధించారు. అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించింది. ఏదైనా బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఒక మాట అడగడం మంచిది.

సోకు చేసుకోవడం నేరమని ఎవరూ అనరు. ఎవరి సరదా వారిది. కానీ అలంకారాన్ని సామర్థ్యమని నమ్మి, ఆ ధీమాతో యాక్సిలరేటర్ తొక్కితేనే ముప్పు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అరిగిన టైర్ల మీద రెక్క తగిలించిన కారుకు సరిగ్గా సరిపోతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. వాన రోడ్డు మీద బండిని ఆపేది ఆ గాడి, బ్రేకు. వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రక్కును చీకట్లో దూరం నుంచే చూపేది శుభ్రమైన హెడ్‌లైటు.

కొడుకు రెక్కకు డబ్బు అడిగినప్పుడు తల్లిదండ్రులు ముందు టైర్లు చూపించమనాలి. మెకానిక్కులు కూడా బేరం పోతుందని వెరవక బ్రేకుల సంగతి మొదట చెప్పాలి. అవి బాగుంటే మిగిలిన డబ్బుతో సరదా తీర్చుకోవచ్చు.