మే నెలతో పంతం వద్దు

ఎండలు ముదిరితే చాలు, మేడ తోటలవాళ్ల ఉత్తరాల్లో ఒకటే ప్రశ్న: ‘టమాటా ఏపుగా ఉంది, పూత బాగా వస్తోంది, కాయ నిలవడం లేదు. ఏ మందు కొట్టాలి?’

ఏ మందూ అక్కర్లేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందికి దిగకపోతే పుప్పొడి సత్తువ తగ్గి పూత రాలిపోతుంది. విజయవాడలోనైనా రామగుండంలోనైనా మే నెలలో అంతే. పండు ఎర్రబడక పసుపుగా ఉండిపోవడానికీ ఆ వేడే కారణం.

కుండీలో బాధ ఇంకా ఎక్కువ. గచ్చు కాలుతుంది, నల్ల ప్లాస్టిక్ వేడిని పట్టేస్తుంది, వేళ్లు ఉడుకుతాయి. కనీసం 15 అంగుళాల కుండీ తీసుకుని ఇటుకల మీద పెట్టండి. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి, పైన ఎండుటాకులు పరచండి. మిట్టమధ్యాహ్నం ఎండకు షేడ్‌నెట్ కట్టండి. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే కాయకు కాల్షియం సరిగా అందక అడుగున నల్లమచ్చ పడుతుంది. అప్పుడు గుడ్డుపెంకుల పొడి కన్నా రోజూ సమంగా ఇచ్చే నీళ్లే ముఖ్యం.

ఈ సంచిక ముఖచిత్ర కథనం వేసవి టమాటా మీదే. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు కుండీలు కొని, తర్వాత వేసవిలో విసిగి అటకెక్కించినవాళ్లు తప్పక చదవాలి. వేసవిలో మొక్కను బతికించుకుంటే చాలు; కొత్త నారు మృగశిర కార్తెలో పోసుకోండి. కాపు సంగతి మాకు రాయండి.

– సంపాదకుడు