బడి మైదానం, బస్తీ మైదానం

వరంగల్‌లో విద్యాసంస్థల మైదానాలను నగరమంతా వాడుకుంటుంది. సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల మైదానం తెల్లవారుజామున నడకకు వచ్చేవారిది, పగలు విద్యార్థులది, సెలవు రోజుల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ జట్లది, రాజకీయాలు వేడెక్కితే పార్టీలది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం క్రీడాశాఖ అజమాయిషీలో ఉంది. కాజీపేట రైల్వే స్టేడియం రైల్వేది, నిట్ మైదానాలు కేంద్ర విద్యాసంస్థవి, ఇస్లామియా కళాశాల మైదానం ఆ కళాశాలది. ఇక ప్రభుత్వ పాఠశాలల ఆవరణలు విద్యాశాఖవి. యజమానులు ఇంతమంది ఉన్నా ఆడేది ఒకే ఊరి పిల్లలు. వీళ్ల మధ్య వాడకం చాలావరకు అలవాటు మీద, ఏ సందర్భానికి ఆ సందర్భంగా ఇచ్చే అనుమతి కాగితం మీద నడుస్తుంది. ఏ గంట ఎవరిది, ఊడ్చేది ఎవరు, కరెంటు బిల్లు ఎవరిది, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అనే నాలుగు ప్రశ్నలకు సంతకాలతో కూడిన జవాబు దొరకడం కష్టం.

ఊరు పెరిగిన తీరు ఈ ప్రశ్నలను ముందుకు తెచ్చింది. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలు కార్పొరేషన్‌లో కలిశాయి, 2015లో అది గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ అయింది, ఇప్పుడు 66 డివిజన్లు. విలీన గ్రామాల్లో బడి ముందున్న ఖాళీ జాగా ఊరందరికీ ఆటస్థలంగా ఉండేది. చుట్టూ ప్లాట్లు పడ్డాక మిగిలిన ఖాళీ జాగా అదొక్కటే. నగరం నడిబొడ్డున పరిస్థితి వేరు. నాలుగంతస్తుల భవనంలో నడిచే ప్రైవేటు బడికి స్కూటర్లు నిలిపే చోటే ఆటస్థలం, ఆ బడి క్రీడాదినోత్సవం చేయాలంటే మరొకరి మైదానం అద్దెకు తీసుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో ఆటస్థలాన్ని బడికి ఉండాల్సిన వసతుల్లో చేర్చింది. 2023 మార్చిలో హరియాణాలోని భగవాన్‌పూర్ గ్రామానికి చెందిన కేసులో సుప్రీంకోర్టు ఆటస్థలం లేని బడి ఉండకూడదని చెప్పి, బడి స్థలంలోని ఆక్రమణలను తొలగించమంది. చట్టం, తీర్పు రెండూ బడి పిల్లల వైపునే చూశాయి. బడి విడిచాక అదే నేల మీదికి వచ్చే బస్తీ పిల్లల గురించి అవి మాట్లాడవు.

ఆర్ట్స్ కళాశాల మైదానం సంగతి కొంచెం వివరంగా చూడాలి. 2022 మే 6న కాంగ్రెస్ రైతు సంఘర్షణ సభ అక్కడే జరిగింది, రాహుల్ గాంధీ వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 27న బీజేపీ సభకు జేపీ నడ్డా వచ్చారు, ఆ అనుమతి వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2023 జూలై 8న ప్రధాని మోదీ సభకూ, 2024 నవంబర్ 19న రాష్ట్ర ప్రభుత్వ మహిళా విజయోత్సవ సభకూ అదే వేదిక. రెండున్నరేళ్లలో నాలుగు పెద్ద సభలు! ఏ పార్టీనీ ప్రత్యేకంగా తప్పుపట్టడానికి లేదు. నగరం మధ్యలో లక్షల మందిని పట్టే చోటు ఏ పార్టీకైనా కావాలి, కళాశాల ప్రిన్సిపాల్ కాదనడం అంత తేలిక కాదు. కానీ వేదిక కోసం, బారికేడ్ల కోసం తవ్విన గుంతల్లో కాలు పడితే మడమ మెలిక పడేది మరునాటి ఆటగాడికి. లారీల చక్రాల కింద నేల అణిగి రాయిలా గట్టిపడుతుంది, వాన పడితే నీళ్లు ఇంకక నిలుస్తాయి. వాడుక ఛార్జీ కట్టించుకోవడం, మైదానాన్ని ఉన్నది ఉన్నట్టు తిరిగి అప్పగించమనడం రెండూ వేర్వేరు. రెండోది జరగాలంటే ముందుగా డిపాజిట్ తీసుకోవాలి, సభకు ముందూ తర్వాతా ఫొటోలతో కొలతలు రాసుకోవాలి, రోలర్ తోలించడానికి గడువు పెట్టాలి.

నెహ్రూ స్టేడియంలో మరో రకం ఇబ్బంది. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడి సింథటిక్ ట్రాక్ మీద జరిగాయి. ఆ పోటీల్లోనే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును దాటింది. అలాంటి ట్రాక్ మట్టి నేల లాంటిది కాదు. దాని మీద కుర్చీలు లాగకూడదు, వాహనం ఎక్కించకూడదు, రోజూ వందల మంది నడిచినా పైపొర అరిగిపోతుంది. నడకకు వచ్చే పెద్దలకు ఆ ట్రాకే కావాలనేం లేదు, చదునైన దారి, నాలుగు దీపాలు ఉంటే చాలు. పరుగు నేర్చుకునే అమ్మాయికి మాత్రం ట్రాకే కావాలి. అందరికీ ఒకే చోటు తెరిచిపెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది కానీ, ఎవరికి ఏ నేల కావాలో చూసి సర్దితే ఒకే నగరంలో అందరికీ చోటు దొరుకుతుంది. నడక దారికి బడి ఆవరణ చాలు, ట్రాక్‌కు స్టేడియం కావాలి.

ఖాళీ స్థలానికి మరో ప్రమాదం, దాని మీద మంచి భవనం రావడం. బాలసముద్రంలోని హయగ్రీవాచారి మైదానంలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి నాడు, శంకుస్థాపన జరిగింది. 2024 నవంబర్ 19న అది ప్రారంభమైంది. కాళోజీ పేరిట ఓరుగల్లులో కళాక్షేత్రం వద్దనేవారెవరు? అయినా మైదానం లెక్కల్లో చూస్తే అక్కడ ఆడే జట్లు మరో చోటు వెతుక్కోవలసిందే, ఆ మరో చోటు మళ్లీ ఏదో ఒక విద్యాసంస్థ ఆవరణే అవుతుంది. మంచి పనులు చేసిన ప్రతిసారీ ఖాళీ జాగా కొంత తగ్గుతుంది, దానికి బదులు చూపించే నియమం లేకపోతే భారం బడుల మీద పడుతుంది.

ప్రభుత్వ పాఠశాలల దగ్గరికి వస్తే మొదట ఎదురయ్యేది ప్రహరీ గోడ. 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’లో 12 అంశాలు ఉండేవి: మరుగుదొడ్లు, విద్యుత్తు, తాగునీరు, ఫర్నిచర్, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు, భోజనశాల, డిజిటల్ తరగతులు. ప్రహరీ ఉంది, ఆటస్థలం లేదు. అదే ఏడాది జూన్ 2న రాష్ట్రం మరో చేత్తో ‘తెలంగాణ క్రీడా ప్రాంగణాలు’ ప్రారంభించి, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులకు ఊరూరా స్థలం వెతికింది. స్థలం దొరకని చోట బోర్డు పాఠశాల ఆవరణలోనే వెలిసింది. ఒక పథకం గోడ కట్టమంటుంది, ఇంకొకటి లోపలికి రమ్మంటుంది. గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది రెండింటిలోనూ తేలలేదు.

తాళం ప్రధానోపాధ్యాయుడి దగ్గరే ఉంటుంది. తెరవడానికి ఆయన వెనకాడితే దానికి కారణాలున్నాయి. సోమవారం ఉదయం బడికి వస్తే వరండాలో సీసాలు, విరిగిన కిటికీ అద్దం, ఊడిన కుళాయి కనిపిస్తే అడిగేది ఆయననే. వాచ్‌మన్ లేని బడులే ఎక్కువ. మరమ్మతుకు పాఠశాల నిధి ఎప్పుడొస్తుందో తెలియదు. పిల్లవాడు పడి చేయి విరిగితే పేపర్లో వచ్చేది బడి పేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పరీక్షా కేంద్రం పడితే ఆవరణలోకి బయటివారు అడుగుపెట్టడానికే వీల్లేదు. ఇన్ని జవాబుదారీలు ఒక మనిషి నెత్తిన పెట్టి, పిల్లలు ఆడుకోవడానికి గేటు తీయలేదని నిందించడం న్యాయం కాదు.

2020 జాతీయ విద్యా విధానం ఈ విషయంలో ఒక తలుపు తెరిచింది. బడి వేళలు కాని సమయంలో ఖాళీగా ఉండే పాఠశాల వసతులను సామాజిక కార్యక్రమాలకు వాడి, బడిని ‘సామాజిక చేతనా కేంద్రం’గా మార్చవచ్చంది. దగ్గర దగ్గరగా ఉన్న బడులు సముదాయంగా ఏర్పడి వసతులను పంచుకోవచ్చనీ చెప్పింది. విధానం అంతవరకే చెబుతుంది, ఖర్చు సంగతి చెప్పదు.

ఆ ఖర్చు సంగతి తేల్చిన ఊళ్లు ఉన్నాయి, వాటిలో చాలామంది తెలుగువాళ్లు నివసిస్తున్నారు కూడా. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1911లో చట్టం చేసి, బడి బోర్డులు వినోద కార్యక్రమాల కోసం పన్ను వసూలు చేసుకునే వీలు కల్పించింది. ఆ డబ్బుతో మిల్వాకీలో సాయంత్రం పూట బడులు దీపాలతో తెరిచి ఉండేవి, ఇప్పటికీ అక్కడ నగర క్రీడా వినోద విభాగం బడి వ్యవస్థలో భాగమే. హ్యూస్టన్‌లో 1983లో నగర కౌన్సిల్ సభ్యురాలు ఎలనార్ టిన్స్‌లీ మొదలుపెట్టిన ‘స్పార్క్’ కార్యక్రమం బడి ఆవరణలను చుట్టుపక్కలవారి పార్కులుగా తీర్చింది. స్థలం బడిది, బడి వేళల తర్వాత, సెలవుల్లో వాడకం అందరిదీ. న్యూయార్క్ 2007లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేపట్టింది. జపాన్ 1961 నాటి క్రీడా ప్రోత్సాహక చట్టంలోనే, చదువుకు ఆటంకం కాని మేరకు బడి వసతులను ప్రజలకు తెరవాలని రాసుకుంది.

కాలిఫోర్నియా చట్టం మరింత వివరంగా ఉంటుంది, వరంగల్‌కు ఎక్కువ పనికొచ్చేది కూడా అదే. అక్కడి విద్యా చట్టం ప్రతి ప్రభుత్వ బడిలోనూ పౌరకేంద్రం ఉన్నట్టే లెక్క అంటుంది. లాభాపేక్ష లేని సంఘాల నుంచి బడి తనకు నేరుగా అయ్యే ఖర్చు మేరకు రుసుము తీసుకోవచ్చు. టికెట్ పెట్టి వచ్చిన డబ్బు విద్యార్థులకో ధర్మకార్యానికో పోనప్పుడు మార్కెట్ అద్దె కట్టాలి. నేల, భవనం లోపం వల్ల ప్రమాదం జరిగితే బడి బాధ్యత, వాడినవారి అజాగ్రత్త వల్ల జరిగితే వారి బాధ్యత. హైస్కూల్ ఆడిటోరియంలో సంక్రాంతి సంబరాలు జరిపిన ప్రతి తెలుగు సంఘం కోశాధికారికీ ఈ లెక్క, బీమా పత్రంతో సహా, కంఠతా వచ్చు. సన్నీవేల్, కూపర్టినో వంటి ఊళ్లలో నగరం బడుల మైదానాల పచ్చిక కోసి, నీళ్లు పట్టి, బదులుగా బడి విడిచాక వాటిని జట్లకు కేటాయిస్తుంది. బడికి తోటమాలి ఖర్చు తప్పింది, నగరానికి కొత్త నేల కొనే ఖర్చు తప్పింది. ఇద్దరూ లాభపడ్డారు కనుకనే ఆ ఒప్పందాలు నిలిచాయి.

వరంగల్‌లో అలాంటి ఒప్పందం రాస్తే మూడు సంతకాలు కావాలి: విద్యాశాఖ తరఫున జిల్లా విద్యాశాఖాధికారి, నగరం తరఫున కార్పొరేషన్ కమిషనర్, బడి తరఫున కమిటీ. 2024 నుంచి ప్రభుత్వ బడుల్లో ఉన్న అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సమాఖ్య అధ్యక్షురాళ్లు నాయకత్వం వహిస్తున్నారు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. సాయంత్రం తాళం చెవి ఆ కమిటీ చేతిలో ఉండటం అన్నిటికన్నా సమంజసంగా తోస్తుంది. బస్తీ తల్లులు నడిపే మైదానంలో సీసాలు పగలడం తగ్గుతుంది. కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బంది వారానికి ఇన్నిసార్లు రావాలి, దీపాల బిల్లు డివిజన్ పద్దులో పడాలి, మరుగుదొడ్డి ఒకటి మైదానం వైపు నుంచి విడిగా తెరుచుకోవాలి. తరగతి గదుల వైపు లోపలి కంచె ఉండాలి, అప్పుడు మైదానం తెరిచినా భవనం భద్రంగా ఉంటుంది. పరీక్షల రోజులు ముందే క్యాలెండర్‌లో మూసివేయాలి.

వేళలను మాత్రం బహిరంగంగా గోడ మీద రాయాలి, ముఖ్యంగా అమ్మాయిల వేళలను. రాయని చోట మైదానం ఎప్పుడూ బ్యాట్ పట్టిన పెద్ద కుర్రాళ్లదే అవుతుంది. ఒక క్రికెట్ ఆట పరుచుకున్న జాగాలో నాలుగు కబడ్డీ కోర్టులు పడతాయన్న లెక్క ఎవరికీ గుర్తుండదు. పర్వతగిరి మండలం కల్లెడలోని ఆర్డీఎఫ్ పాఠశాలలో చదివిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన విలుకత్తె వర్ధినేని ప్రణీతదీ కల్లెడే. ఒక పల్లె నుంచి ఇద్దరు అంత దూరం వెళ్లడం వెనక ప్రతిభ, పట్టుదల ఉన్నాయి, వాటితో పాటు ఆడపిల్లలకు తెరిచి ఉన్న నేల, దాని మీద నిలబడి చూసే గురువూ ఉన్నారు. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడి మైదానాన్ని తెరిస్తే ఆట సాగుతుంది కానీ, పరుగును గుర్తించేవారు ఉండరు. అందుకే ఒప్పందంలో సాయంత్రం వేళ వ్యాయామ ఉపాధ్యాయుడికి లేదా శిక్షకుడికి గౌరవ వేతనం కూడా చేరాలి. వేసవి శిక్షణ శిబిరాల్లో క్రీడాశాఖ మే నెలలో చేసే పనినే ఏడాది పొడవునా సాగించాలి.

విదేశాల్లోని పూర్వ విద్యార్థుల చేయూత ఇక్కడ పనికొస్తుంది, కానీ దాని ఆకారం మారాలి. ఇప్పుడు అది ఎక్కువగా వేదిక, ముఖద్వారం, రేకుల షెడ్డు రూపంలో వస్తుంది, శిలాఫలకం మీద పేరుతో. కట్టినదాన్ని నడిపించే డబ్బు మాత్రం రాదు. వాచ్‌మన్ జీతం మీద, వాలీబాల్ నెట్ మార్చడం మీద, ఏటా ఒకసారి ఎర్రమట్టి పరిచి రోలర్ తోలించడం మీద ఎవరి పేరూ చెక్కలేం. పది బడులకు పది వేదికలు కట్టే మొత్తాన్ని బ్యాంకులో వేసి, వడ్డీతో రెండు మూడు మైదానాల నిర్వహణ చూసే ఏర్పాటు చేస్తే ఫలితం ఎక్కువ కాలం ఉంటుంది. ఆ డబ్బు వ్యక్తి చేతికి కాకుండా కమిటీ ఖాతాకు, ఒప్పందంలో రాసిన పనులకే వెళ్లాలి. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధనలు వర్తిస్తాయి కనుక, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు నమోదైన సంస్థ ద్వారానే పంపాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ చట్టం కింద విదేశీ విరాళంగా లెక్కకు రాదు.

మొదలుపెట్టడానికి నగరమంతా ఒకేసారి అక్కర్లేదు. ప్రహరీ, నీళ్లు, విడి గేటు ఇప్పటికే ఉన్న ఉన్నత పాఠశాలలు వరంగల్‌లో ఒకటి, హనుమకొండలో ఒకటి, కాజీపేటలో ఒకటి తీసుకుని, జూన్‌లో బడులు తెరిచేటప్పుడు సంతకాలు చేసి, మరుసటి మార్చి పరీక్షల దాకా నడిపి చూడవచ్చు. ఎన్ని సాయంత్రాలు గేటు తెరిచారు, అమ్మాయిలు ఎందరు వచ్చారు, ఏం విరిగింది, బాగుచేయడానికి ఎంతైంది అనే నాలుగు పద్దులు రాసిపెడితే, రెండో ఏడు ఎన్ని బడులకు విస్తరించాలో కార్పొరేషన్ బడ్జెట్ సమావేశంలో ఆ పుస్తకం చూసి నిర్ణయించుకోవచ్చు.