అవును, నా హ్యాండ్‌బ్యాగులో చాకు ఉంది!

వరలక్ష్మీ వ్రతం నాడు సాయంత్రం స్నేహితురాలి ఇంటికి తాంబూలానికి వెళ్ళాం. డాలస్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతలే వాళ్ళిల్లు. పేరంటాళ్ళకి ఇవ్వాల్సిన వస్తువుల పెట్టె ఇంకా విప్పనే లేదు, చుట్టూ మూడు వరసల టేపు. "కత్తెర ఇప్పుడే ఇక్కడ పెట్టానే" అంటూ ఆవిడ సొరుగులన్నీ లాగుతోంది. ఒకావిడ గోళ్ళతో గీకుతోంది, ఇంకొకావిడ కారు తాళంచెవితో పొడుస్తోంది. నా ఎడమచేతిలో పసుపు కుంకాల పళ్ళెం ఉంది. కుడిచేత్తో బ్యాగులోంచి నా చాకు తీసి, దాని వీపున ఉండే చిన్న పలకని చూపుడువేలితో నొక్కాను. టక్కున తెరుచుకుంది. టేపు కోసేశాను, మూసేశాను, లోపల పెట్టేశాను. మొత్తం పావు నిమిషం పట్టిందేమో.

గది మాత్రం అంతకన్నా ఎక్కువసేపే నిశ్శబ్దంగా ఉండిపోయింది.

ముందుగా ఒక పిన్నిగారు "అమ్మో, శుభమా అని నోముకుంటుంటే కత్తేవిటమ్మా!" అన్నారు. తరవాత స్నేహితురాలి భర్త "మంచి పని చేశారండీ, ఈ రోజుల్లో ఆడవాళ్ళకి సేఫ్టీ ఉండాలి" అని మెచ్చుకున్నారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో మా ఆయన "అందరి ముందూ అది తీయడం అంత అవసరమా?" అన్నారు.

ముగ్గురికీ అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

మొదట పిన్నిగారికి. పిన్నిగారూ, మీరు ఆ మాట అనడానికి పది నిమిషాల ముందే వంటింట్లో పులిహోరకి డజను నిమ్మకాయలు కోశారు. ఆ కత్తి నా చాకుకి రెండింతలుంది. మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళు వచ్చేదాకా కత్తిపీట ముందేసుకుని, ఒళ్ళో మనవణ్ణి కూర్చోబెట్టుకుని గోంగూర తరిగింది. ఎవరూ అమ్మో అనలేదు. అదే కత్తి వంటగది గడప దాటి, మడతపడి, మన సంచీలోకి వస్తేనే అశుభమా? భయపెట్టింది కత్తి కాదు, ఆ 'టక్' శబ్దం. పాత సినిమాల్లో గళ్ళ బనీను రౌడీ బటన్ చాకు తీసినప్పుడల్లా మనం విన్న శబ్దం అది.

నిజానికి ఇది ఆ బటన్ చాకు కాదు. దానికి పిడిలో మీట ఉంటుంది, మీట నొక్కితే చాలు, మొత్తం పని స్ప్రింగే చేస్తుంది. ఇందులో మీట లేదు. మూసి ఉన్నంతసేపూ బ్లేడు మూసుకునే ఉండాలని చూస్తుంది. మనం వేలితో బ్లేడునే నెట్టి కొంత తెరవాలి, అక్కడినుంచి మిగతా దూరం లోపలి స్ప్రింగు తీసుకెళుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక ఒక లాక్ పడుతుంది, ఆ లాక్ పక్కకి నెడితే తప్ప మూసుకోదు. ఇక్కడి ఫెడరల్ చట్టం కూడా ఈ తేడా ఒప్పుకుంది. బటన్ చాకుల మీద 1958లో వచ్చిన చట్టానికి 2009లో సవరణ చేసి, ఈ రకాన్ని అందులోంచి మినహాయించారు. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి కనుక ఎవరి ఊరి సంగతి వాళ్ళు చూసుకోవాలి. ఈ స్ప్రింగు పద్ధతికి 1990లలో బాగా పేరు తెచ్చినవాళ్ళలో ఒకాయన కెన్ ఆనియన్. ఇంటిపేరే ఉల్లిపాయ! ఇంతకన్నా వంటింటి చుట్టరికం ఏ కత్తికి దొరుకుతుంది?

ఇక మా ఆయనకి. అవసరమా అన్నారు కదా, నిన్న ఒక్కరోజు లెక్క చెబుతాను. పొద్దున్నే బియ్యం బస్తా కుట్టు దారం. ఎప్పుడూ తప్పు వైపునుంచే లాగుతాను, ముడి పడుతుంది. తరవాత ఇంటికొచ్చిన రెండు అట్టపెట్టెలు. చిన్నవాడి కొత్త చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబులు. పార్కులో ఆపిల్ నాలుగు ముక్కలు. కరివేపాకు మొక్కని కర్రకి కట్టిన పాత తాడు. బొమ్మని అట్టకి బిగించిన ప్లాస్టిక్ బద్దీలు, అవి చేసిన మనిషికి పిల్లలు లేరని నా గట్టి నమ్మకం. ఇందులో సగం పనులకి నా రెండో చెయ్యి ఖాళీగా లేదు. ఒకసారి ఫోను, ఒకసారి సంచీ, ఒకసారి పిల్లాడి చెయ్యి. మా తాతయ్య జేబులో ఉండే చాకుకి గోరు ఆనించే గంటు ఉండేది, రెండు చేతులూ పెట్టి తీస్తేగాని వచ్చేది కాదు. పొలంగట్టు మీద కూర్చుని వేపపుల్ల చెక్కుకునే మనిషికి అది చాలు. నాకు చాలదు. ఒంటిచేత్తో తెరుచుకోవడం నాకు షోకు కాదు, నాకున్నది అప్పుడు ఒక్క చెయ్యే!

అలాగని ఇది గొప్ప వస్తువని నెత్తిన పెట్టుకోను. మూడంగుళాల బ్లేడు, పక్కన జేబుకి తగిలించే క్లిప్పు. ఎవరి జేబుకి? మన కుర్తీలకి జేబులుండవు, చీరకి అసలే లేదు, మన ప్యాంట్లకి ఉన్నవి కుట్టిమూసిన ఉత్తుత్తి జేబులు. మగవాళ్ళ జేబులో నిటారుగా, కదలకుండా ఉండే చాకు మన బ్యాగులో తాళాల గుత్తితో, దువ్వెనతో కలిసి దొర్లుతుంది. మొదటి నెలలోనే తాళాల గుత్తి ఆ చిన్న పలకకి తగిలి బ్లేడు బ్యాగులోనే తెరుచుకుంది. అప్పుడే మావాడు చాక్లెట్ కోసం చెయ్యి పెట్టబోతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగిన క్షణం ఇప్పటికీ కలలోకి వస్తుంది. మూసి ఉన్నప్పుడు బ్లేడుని కదలకుండా పట్టే చిన్న గడియ ఉన్న రకం ఆ తరవాత కొన్నాను. ఆ గడియ వేసి, విడిగా జిప్ సంచీలో పెడతాను. గడియ లేని స్ప్రింగు చాకు హ్యాండ్‌బ్యాగులోకి వద్దు, స్ప్రింగు లేని మామూలు మడత చాకు నయం. పిల్లల బడికి వెళ్ళే రోజు ఇంట్లోనే వదిలేస్తాను. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచీలో ఉంటే తీసేసుకుంటారు, చెకిన్ పెట్టెలో వేసుకోవాలి.

ఇక అసలు జవాబు, సేఫ్టీ అన్న పెద్దమనిషికి. పిన్నిగారి భయం నాకు నవ్వు తెప్పించింది, మీ మెప్పు కోపం తెప్పించింది. ఎందుకంటే అదే మాట మా ఇంట్లోనూ వచ్చింది.

ఈ ఆగస్టులో మా అమ్మాయి యూనివర్సిటీ హాస్టలుకి వెళ్ళింది. వెళ్ళేముందు మా తమ్ముడు మేనకోడలికి ఇలాంటి చాకే ఒకటి, నల్లటిది, బహుమతిగా తెచ్చాడు. "ఎవడైనా పిచ్చివేషాలేస్తే చూపించు" అన్నాడు. మా ఆయన తల ఊపారు. నా చాకు అక్కర్లేనిది, కూతురికి మాత్రం అవసరమైనదీ ఎలా అయిందో!

చూపించు సరే, చూపించాక? ఎదుటివాడు వెనక్కి తగ్గకపోతే? భయంతో చేతులు వణుకుతున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల, కత్తి పట్టడం నేర్చుకోని పిల్ల, తనకన్నా బలమైనవాడికి చేతికందే దూరంలో కత్తి చాపితే అది ఎవరి కత్తి అవుతుంది? ఆ పిల్ల చెయ్యాల్సింది పరిగెత్తడం, అరవడం, జనంలోకి వెళ్ళడం, ఫోను చెయ్యడం. చాకు ఆమెని పారిపోవాల్సిన చోట నిలబడేలా చేస్తుంది.

ఆ రాత్రి చాకు బల్ల మీద పెట్టి ఈ మాటలే అన్నాను. అప్పుడు మా అమ్మాయి నెమ్మదిగా ఒక సంగతి చెప్పింది. పోయినేడు స్నేహితురాలి పుట్టినరోజు నుంచి రాత్రి ఆలస్యమైతే, మాకు ఫోను చేస్తే తిడతామని, సరిగా తెలియని ఒకబ్బాయి కారెక్కి వచ్చిందట. ఏమీ కాలేదు. కానీ ఆ దారంతా తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చుందట. ఏడాది పాటు మాకు చెప్పలేదు.

ఆ పిల్ల భయపడింది మాకు. దానికి మేం చాకు కొనిచ్చాం!

మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఎన్నింటికైనా నాకు ఫోను చెయ్యి, ఎందుకని అడగను, వచ్చేస్తాను" అన్నాడు దానితో. మేనమామ ఇవ్వాల్సిన బహుమతి అది. మా ఆయనా అదే మాట ఇచ్చారు, నేనూ ఇచ్చాను. నిలబెట్టుకోవడం చాకు కొన్నంత సులువు కాదని నాకు తెలుసు, తిట్టడం నాకు బాగా అలవాటు.

అందుకని ఆడవాళ్ళకి చాకు అమ్మేటప్పుడల్లా 'రక్షణ', 'ధైర్యం' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మగవాడి చాకు పెట్టెలు కోయడానికి, మన చాకు మనుషుల నుంచి కాపాడుకోవడానికా? మనకీ పెట్టెలున్నాయి మహాప్రభో! అది పనిముట్టు. పట్టకారు లాంటిది, సూది లాంటిది. అంతకన్నా తక్కువా కాదు, ఎక్కువా కాదు.

నల్ల చాకు మా ఇంట్లోనే ఉంది. అమ్మాయి హాస్టల్లో చాకులు ఉంచుకోకూడదట, మొండి మొన కత్తెర ఒకటి పంపాను.

మొన్న ఆదివారం అదే స్నేహితురాలి ఇంట్లో మళ్ళీ ఒక పెట్టె, మళ్ళీ కనబడని కత్తెర. పిన్నిగారు నా పక్కకి జరిగి చిన్నగా అడిగారు, "ఏదీ, ఆ చాకు ఒకసారి ఇలా ఇయ్యమ్మా."

కత్తి చేతికివ్వకూడదు కదా. మూసి, బల్ల మీద పెట్టాను. ఆవిడ తీసుకున్నారు.