తప్పు చేసింది ఒకరు.. సీటు మారేది ఇంకొకరా?

ఆఫీసులో ఒకరు మీ కులాన్నో, యాసనో, ఒంటి రంగునో పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేశారనుకోండి. ధైర్యం చేసి మేనేజర్‌కు చెప్పారు. ఆయన ఓపిగ్గా విని, "సర్లే, నిన్ను వేరే టీమ్‌లోకి మారుస్తా" అన్నారు. పెద్ద సాయమే చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఒక్కసారి లెక్క చూడండి. మాట అన్నవాడు అదే సీట్లో ఉన్నాడు. మాట పడ్డవాడు బ్యాగు సర్దుకున్నాడు.

ఈ లెక్కను తిరగరాసిన సంఘటన ఒకటుంది. అందులో ఉన్నది మన హైదరాబాదీ కుర్రాడే.

2021 జనవరి 10. సిడ్నీలో భారత్, ఆస్ట్రేలియా టెస్టు నాలుగో రోజు. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మహ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు దూషించారు. ఒంటి రంగును ఎగతాళి చేశారని ఆ తర్వాత తనే చెప్పాడు. ముందు రోజే భారత జట్టు ఇలాంటి మాటల మీద అధికారికంగా ఫిర్యాదు చేసింది. అయినా ఆగలేదు. సిరాజ్ నేరుగా కెప్టెన్ అజింక్య రహానేకు, అంపైర్లకు చెప్పాడు. సుమారు 10 నిమిషాలు ఆట ఆగింది. భద్రతా సిబ్బంది ఆరుగురిని స్టాండ్ నుంచి బయటికి పంపారు.

అప్పటికి సిరాజ్ పరిస్థితి ఏంటి? టెస్టుల్లో అడుగుపెట్టి రెండు వారాలు. అంటే టీమ్‌లో ఫ్రెషర్. ఆటో నడిపి తనను పెంచిన తండ్రి 2020 నవంబర్‌లో చనిపోతే, ఆఖరి చూపుకు కూడా రాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. అలాంటివాడు "ఎందుకొచ్చిన గొడవ, ఉన్న చాన్స్ పోతుంది" అనుకుని నోరు మూసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

అసలు విషయం తర్వాత తెలిసింది. కావాలంటే మ్యాచ్ వదిలి వెళ్లొచ్చని అంపైర్లు భారత జట్టుకు చెప్పారట. మనం ఏ తప్పూ చేయలేదు కాబట్టి వెళ్లేది లేదు, ఆడతాం అని రహానే తేల్చి చెప్పాడట. హైదరాబాద్ తిరిగొచ్చాక సిరాజే ఈ మాట విలేకరులకు వివరించాడు. ఇందులో రెండు సంగతులు గమనించండి. కెప్టెన్ తన ఆటగాడిని "సర్దుకుపో" అనలేదు. అలాగని "నువ్వు లోపలికెళ్లి కూర్చో" అని పక్కకూ తప్పించలేదు. పైగా రహానే ఆ సిరీస్‌లో అసలు కెప్టెన్ కాదు, కోహ్లీ సెలవులో ఉంటే బాధ్యత తీసుకున్నవాడు. మన భాషలో చెప్పాలంటే ఇన్‌ఛార్జి టీమ్ లీడ్. నిలబడటానికి పెద్ద కుర్చీ అక్కర్లేదన్నమాట.

దీనికి కొసమెరుపు కూడా ఉంది. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ చేసింది. భారత ఆటగాళ్లు జాతి వివక్షకు గురైన మాట నిజమేనని ఒప్పుకుంది. అయితే ఆ స్టాండ్‌లో కెమెరాలకు చిక్కిన ప్రేక్షకులు మాత్రం దోషులు కాదని తేల్చింది. ఫిర్యాదుదారు పక్షాన నిలబడటమంటే కనబడినవాడినల్లా శిక్షించమని కాదు. ఫిర్యాదును నమ్మకంతో విని, విచారణ సరిగ్గా జరిగేలా చూడమని.

ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటిదే చూశాం. 2023 మే 21న స్పెయిన్‌లోని వాలెన్సియా మైదానంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ జూనియర్‌ను జాతి పేరుతో దూషించారు. అతను ఆట ఆపి, అన్నవాళ్లను వేలెత్తి చూపించాడు. మ్యాచ్ ఓడిపోయాక కోచ్ కార్లో ఆంచెలొట్టిని ఆట గురించి అడిగితే, ఫుట్‌బాల్ గురించి మాట్లాడే రోజు కాదిది అన్నట్టుగా జవాబిచ్చి, కెమెరాల ముందే తన ఆటగాడి పక్షాన మాట్లాడాడు. ఏడాది తర్వాత, 2024 జూన్‌లో ముగ్గురు ప్రేక్షకులకు ఎనిమిది నెలల జైలుశిక్ష పడింది.

అన్ని కథలూ ఇలా సుఖంగా ముగియవు. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ నల్లజాతివాళ్లపై జరుగుతున్న అన్యాయానికి నిరసనగా జాతీయగీతం వేళ మోకాలిపై కూర్చున్నాడు. అలా చేయడం అతని హక్కు, వద్దనే అధికారం నాకు లేదని కోచ్ చిప్ కెల్లీ బహిరంగంగానే చెప్పాడు. ఆ సీజన్ తర్వాత కెల్లీ ఉద్యోగం పోయింది, జట్టు వరుసగా ఓడటం వల్ల. కేపర్నిక్‌ను మళ్లీ ఏ జట్టూ ఆడించలేదు. ఒక్క పెద్దమనిషి మద్దతు ఉంటే చాలు, అంతా బాగైపోతుందని నేను మీకు అబద్ధం చెప్పను.

ఇదంతా క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ పేజీలో ఎందుకంటారా? మా ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి ప్రతి ఏడూ ఎంతోమంది పిల్లలు హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కుతారు. చర్ల, దుమ్ముగూడెం లాంటి అడవి అంచు మండలాల నుంచి ఐటీడీఏ హాస్టళ్లలో చదువుకుని వచ్చే కోయ పిల్లలూ వాళ్లలో ఉంటారు. ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్. మూడు భాషలు మోసుకొచ్చినవాడిని "ఏ అడవి నుంచి వచ్చావ్ రా" అని నవ్వడం జోక్ కింద చెల్లిపోతోంది. జోక్ వేసినవాడికి అది అయిదు సెకన్లు. పడ్డవాడు ఆ తర్వాత మీటింగ్‌లో నోరు తెరవడు. అతనికి తెలిసిన జవాబు కూడా చెప్పడు. ప్రమోషన్ టైమొచ్చాక "కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ" అని రాస్తారు.

ఇంకో మాట. బ్రిస్బేన్‌లో జరిగిన తర్వాతి టెస్టులో సిరాజ్ ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు, మనం సిరీస్ గెలిచాం. బాగుంది. కానీ ఆ 5 వికెట్లు తీయకపోయినా అతని ఫిర్యాదు న్యాయమైనదే. చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న మలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. శిఖరం ఎక్కినవాళ్లకు చప్పట్లు దొరుకుతాయి. ఏ శిఖరమూ ఎక్కకుండా, పొద్దున తొమ్మిదింటికి లాగిన్ అయ్యే మామూలు కుర్రాడికి దక్కాల్సింది మర్యాద. దానికి మెరిట్ లిస్ట్ ఉండదు.

"అన్నా, అప్పులు తీర్చాలి, చెల్లి చదువుంది, మేం ఫైట్ చేయలేం" అంటారు. నిజమే. అందుకే నేను భారం మీ ఒక్కరి మీద పెట్టను. అయితే కొన్ని పనులకు ధైర్యం కన్నా అలవాటు ముఖ్యం. అన్న మాట, తేదీ, అక్కడున్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి. నోటితో చెప్పినదాన్ని మెయిల్‌లో కూడా పెట్టండి. ఆఫర్ లెటర్‌తో వచ్చే కోడ్ ఆఫ్ కాండక్ట్‌ను చదవకుండా సంతకం చేయకండి. పది మంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఎస్సీ, ఎస్టీలను అవమానించాలనే ఉద్దేశంతో నలుగురి కంటపడే చోట కించపరిస్తే 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. దానికి 14566 హెల్ప్‌లైన్ ఉంది. "వేరే టీమ్‌కు పో" అంటే, "నేనెందుకు మారాలి సార్?" అని మర్యాదగానే అడగండి. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు.

అసలు పని మాత్రం పక్క సీటువాళ్లది. జోక్ పేలినప్పుడు నవ్వకుండా "ఇది బాలేదు" అనగలగాలి. అదీ ఆ మీటింగ్‌లోనే, అందరి ముందే. తర్వాత క్యాంటీన్‌లో టీ ఇప్పించి భుజం తట్టడం ఓదార్పే, కాదనను. కానీ అవమానం అందరి ముందు జరిగి, ఓదార్పు మాత్రం చాటుగా జరిగితే, ఆఫీసుకు గుర్తుండేది అవమానమే.

మూడు నాలుగేళ్లలో మీలో చాలామంది టీమ్ లీడ్‌లవుతారు. ఒకరోజు మీ టీమ్‌లోని ఫ్రెషర్ ఒకడు వణుకుతున్న గొంతుతో మీ దగ్గరికొస్తాడు. అప్పుడు మీరు ఎవరిని సీటు మారమంటారన్నదే మీ అసలు పర్ఫార్మెన్స్ రివ్యూ.