హెర్పిస్ బ్లడ్ టెస్ట్: రిపోర్టులో 'పాజిటివ్' వస్తే వ్యాధి ఉన్నట్టేనా? కంగారు పడే ముందు ఈ నంబర్ చూడండి

నడుం కింద చిన్న పొక్కు.. మంట, దురద. డాక్టర్‌కు చూపించాలంటే సిగ్గు, ఇంట్లో చెప్పాలంటే భయం. చివరికి ఫోన్‌లో వెతికి, ఏదో ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చేస్తారు. వాట్సాప్‌లో రిపోర్ట్ వస్తుంది: 'హెర్పిస్ పాజిటివ్'. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. మరి ఆ ఒక్క కాగితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

కడప జిల్లా ఇడుపులపాయ లాంటి చోట ఈ ప్రశ్న మరీ బరువైనది. ఓవైపు వేల మంది చదివే ట్రిపుల్ ఐటీ క్యాంపస్, ఇంకోవైపు ఒకరికొకరు తెలిసిన పల్లెలు. వేంపల్లెకు వెళ్లి టెస్ట్ చేయించుకుంటే ఎవరైనా చూస్తారేమో అన్న భయం. కువైట్‌లో పనికి వెళ్లి భార్యాభర్తలు దూరంగా ఉంటున్న కుటుంబాలూ జిల్లాలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో 'పాజిటివ్' అనే ఒక్క మాట కాపురాన్నే కదిలించగలదు.

అసలు ఎంత మందికి ఉంది?

హెర్పిస్ వైరస్‌లో రెండు రకాలు. హెచ్ఎస్‌వీ-1 ఎక్కువగా పెదవుల దగ్గర పొక్కులు తెస్తుంది, చాలామందికి చిన్నప్పుడే సోకుతుంది. హెచ్ఎస్‌వీ-2 ప్రధానంగా లైంగికంగా వ్యాపిస్తుంది. 2024 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో 84.6 కోట్ల మందికి జననాంగ హెర్పిస్ ఉంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైనే. చాలామందికి లక్షణాలు ఉండవు, ఉన్నా స్వల్పమే.

ఐజీఎం టెస్ట్‌తో తేలదు

గర్భిణులకు రాసే టార్చ్ టెస్ట్‌లోనూ హెర్పిస్ ఐజీఎం కనిపిస్తుంది. 'ఐజీఎం అంటే కొత్తగా సోకింది' అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినా ఐజీఎం పాజిటివ్ రావొచ్చు. ఏ రకం వైరస్ అన్నదీ అది కచ్చితంగా చెప్పలేదు. అందుకే హెర్పిస్ నిర్ధారణకు ఐజీఎం వాడొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెబుతోంది.

ఐజీజీలో నంబరే కీలకం

ఐజీజీ కొంత మెరుగు. కానీ ఎక్కువగా వాడే టెస్టుల్లో 1.1 దాటగానే 'పాజిటివ్' అని ప్రింట్ అవుతుంది. హెచ్ఎస్‌వీ-2 విలువ 3 కంటే తక్కువ ఉంటే మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలని సీడీసీ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మధ్యలో వచ్చే పాజిటివ్‌లలో తప్పులు ఎక్కువ.

లెక్క చూడండి. వెయ్యి మందిలో 50 మందికి వైరస్ ఉందనుకుందాం. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే టెస్ట్ చేస్తే, నిజంగా ఉన్నవారిలో దాదాపు 48 మంది దొరుకుతారు. వైరస్ లేని 950 మందిలోనూ దాదాపు 48 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. అంటే సగం రిపోర్టులు తప్పే! లక్షణాలు లేనివారికి ఈ రక్తపరీక్ష చేయొద్దని అమెరికా నిపుణుల బృందం 2016లో చెప్పింది, 2023లో మళ్లీ అదే మాట చెప్పింది.

నెగెటివ్ వచ్చినా తొందరపడి ఊపిరి పీల్చుకోవద్దు. యాంటీబాడీలు తయారవడానికి 12 వారాల వరకు పట్టొచ్చు. ఇక వైరస్ ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి సోకింది అనేది ఏ రక్తపరీక్షా చెప్పలేదు. రిపోర్ట్ పట్టుకుని భార్యనో భర్తనో నిలదీయడానికి ఆధారమే లేదు.

మరి ఏం చేయాలి?

పొక్కు తాజాగా ఉన్నప్పుడే డాక్టర్‌కు చూపించాలి. దాని నుంచి స్వాబ్ తీసి చేసే పీసీఆర్ టెస్ట్ అన్నిటికంటే నమ్మదగినది. ఎండిపోయాక వెళ్తే ఆ అవకాశం తగ్గుతుంది. ఎండాకాలం చెమటకు వచ్చే తామర, షేవింగ్ గాయాలు, గజ్జి కూడా హెర్పిస్‌లా అనిపించొచ్చు. అసలు జబ్బు సిఫిలిస్ అయితే ఆలస్యం ప్రమాదం. అది మందులతో నయమవుతుంది. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

పీసీఆర్ అందుబాటులో లేకపోయినా చికిత్స ఆగదు. లక్షణాలను బట్టి ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లలో ఎసైక్లోవిర్ మాత్రలున్న ఎర్ర రంగు కిట్-5 ఇస్తారు. వైరస్ పూర్తిగా పోదు, కానీ పొక్కులు త్వరగా తగ్గుతాయి. గర్భిణులు, ముఖ్యంగా చివరి నెలల్లో తొలిసారి పొక్కులు కనిపిస్తే, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. బిడ్డకు సోకే ముప్పు అప్పుడే ఎక్కువ.

ఇడుపులపాయ వాసులకు పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రి, కడప రిమ్స్ చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉన్నాయి. ఊళ్లో అడగలేకపోతే 1097 టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. భయంతో నిద్ర పట్టకపోతే టెలిమానస్ 14416 ఉంది. రిపోర్ట్ చేతిలో ఉంటే గూగుల్‌ను కాదు, డాక్టర్‌ను అడగండి. అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: 'ఇది ఏ టెస్ట్, నంబర్ ఎంత?'