మీ సెషన్ ముగిసింది... మళ్ళీ మొదట్నుంచి రండి

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నగారి బల్ల మీద ఓ రూళ్ళ నోటుపుస్తకం కనబడింది. తెరిచి చూద్దును కదా, ప్రతి పేజీనీ నిలువుగా గీత గీసి రెండు భాగాలు చేశారు. ఎడమ పక్కన "దరఖాస్తుదారుని పేరు", "బ్యాంకు శాఖ", "ఆస్పత్రిలో చేరిన తేదీ", "బిల్లు నంబరు"... కుడి పక్కన వాటికి జవాబులు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి పుస్తకం అంత శుభ్రంగా ఉండటంలో వింతేం లేదు గానీ, ఇదెందుకో మాత్రం నాకర్థం కాలేదు.

"ఏంటి నాన్నా ఇది?"

"చిత్తు రా. కంప్యూటర్లో కొట్టే ముందు ఇందులో రాసుకుంటా."

"నేరుగా అందులోనే కొట్టచ్చుగా?"

"కొట్టా. రెండుసార్లు కొట్టా. రెండుసార్లూ పోయింది. ఇదైతే పోదు."

అమ్మ ఆపరేషన్ బిల్లుల కోసం ఏదో ఫారం నింపుతున్నారట. నాలుగు పేజీలు, నలభై చిల్లర గళ్ళు. ఆయన ఒక్క వేలితో కొడతారు. మూడో పేజీలో బిల్లు నంబరు అడిగితే లేచి వెళ్ళి, బీరువా తీసి, కవర్లన్నీ వెతికి, కళ్ళజోడు మార్చుకుని వచ్చి కొట్టి, "తర్వాత" అన్న బటన్ నొక్కారు. "మీ సెషన్ ముగిసింది, దయచేసి మళ్ళీ లాగిన్ అవ్వండి" అని వచ్చింది. అయ్యారు. మొదటి పేజీ, ఖాళీగా. ఏ సైటో చెప్పను, చెప్పినా లాభం లేదు. అలాంటివి మీకూ ఓ పది తెలిసే ఉంటాయి.

మామూలుగా అయితే ఇలాంటివి విని నవ్వుకుంటాం. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వాక్యం నేనూ రాశాను. ఆ సైట్‌లో కాదు లెండి, మా ఆఫీసులో, వేరే ప్రాజెక్టులో. మా టెస్టర్ ఒకమ్మాయి "టైమవుట్ అయితే టైప్ చేసిందంతా పోతోంది" అని బగ్ పెడితే, "ఇది బగ్ కాదు, డిజైన్ ప్రకారమే పని చేస్తోంది" అని రాసి మూసేశాను. కాగితం మీద నాదే రైటు. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే సెషన్ ముగించాలి అని క్లయింటు రాసిచ్చాడు. కానీ టైప్ చేసింది పారెయ్యమని ఎక్కడా రాయలేదు. ఆ రెండోది నేను చేర్చిందే. చేర్చానని కూడా అప్పట్లో నాకు తెలీదు.

నా గొడవంతా ఇక్కడే. లాగిన్‌కి గడువు పెట్టడం మీరెవరో తేల్చుకోడానికి. మంచిదే. మీరు లేచి వెళ్ళాక ఇంకొకడు వచ్చి మీ కుర్చీలో కూర్చోకూడదు. కానీ ఇంటికి తాళం వెయ్యడం వేరు, ఇంట్లో సామానంతా వీధిలో పారబోయడం వేరు. నాన్నగారు మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టి తనెవరో రుజువు చేసుకున్నాక, మూడో పేజీ, బిల్లు నంబరు గడి, అప్పటిదాకా రాసినవి అన్నీ అక్కడే ఉండాలి. ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లో 2.2.5వ అంశం అచ్చంగా ఇదే: గడువు ముగిశాక మళ్ళీ లాగిన్ అయినవాళ్ళు డేటా పోకుండా పని కొనసాగించగలగాలి. కాకపోతే దాన్ని ట్రిపుల్ ఏ స్థాయిలో పెట్టారు. నేను చూసిన కాంట్రాక్టుల్లో డబుల్ ఏ వరకే అడుగుతారు. మిగతాది ఎవరికీ పట్టదు.

అసలు ఈ ఇరవై నిమిషాలు ఎక్కడివి అంటే, ఏఎస్‌పీ డాట్ నెట్‌లో సెషన్ డిఫాల్టు ఇరవై. టామ్‌క్యాట్‌లో ముప్పై. ఎవరో ఏదో ఒక అంకె ఉండాలి కదా అని పెట్టినవి అవసరాల పత్రంలోకి ఎక్కి, అక్కడ్నించి ఆడిట్‌లోకి ఎక్కి శాసనాలైపోయాయి. ఒక్క వేలితో టైప్ చేసే మనిషికి నలభై గళ్ళు నింపడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా గడియారం పట్టుకుని చూశారా? నేనైతే చూళ్ళేదు.

నిజానికి వెబ్ పుట్టుకలోనే ఈ మతిమరుపు ఉంది. పేజీ అడుగు, పేజీ ఇస్తా, ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో... హెచ్‌టీటీపీ పద్ధతి అది. చదువుకునే కాగితాలకి అది సరిపోయింది. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మొంటూలీ కుకీలు తెచ్చాకే సైట్లకి మనుషుల్ని గుర్తుపెట్టుకునే దారి దొరికింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏఎస్‌పీ డాట్ నెట్ వాళ్ళ వ్యూస్టేట్ ఉండేది. పేజీలో కనబడకుండా ఓ గడి, అందులో అర్థం కాని అక్షరాల చాంతాడు. ఒక్కోసారి పేజీలో అసలు విషయం కంటే అదే పెద్దది. ఎంత తిట్టుకునేవాళ్ళమో! కానీ ఇప్పుడాలోచిస్తే, బటన్ నొక్కి పేజీ సర్వర్‌కి వెళ్ళి తిరిగొచ్చినా నువ్వెక్కడ వదిలావో అక్కడే ఉండాలి అన్న పట్టుదల ఆ బరువులో ఉంది. తర్వాత 2005లో ఎజాక్స్ అన్న పేరొచ్చింది, పేజీ కదలకుండా లోపలి సరుకు మారడం మొదలైంది, స్థితి అంతా జావాస్క్రిప్ట్ వేరియబుల్స్‌లోకి వెళ్ళిపోయింది. ఎఫ్5 నొక్కితే హరీ. ఇవాళ రియాక్ట్‌లో రాసినా, ఇంకోదాంట్లో రాసినా, ప్రత్యేకంగా ఏర్పాటు చెయ్యకపోతే జరిగేది అదే.

ఇక అడ్రసు సంగతి. మొదట్లో గూగుల్ మ్యాప్స్‌లో మీరు మ్యాప్‌ని ఎటు జరిపినా పైన యూఆర్ఎల్ మారేది కాదు. అందుకని "ఈ పేజీకి లింకు" అని పక్కన వేరే లింకు పెట్టారు. లోటు తెలుసుకుని పెట్టారన్నమాట. ఆ తర్వాత కొన్నాళ్ళు అడ్రసులో హాష్, ఆశ్చర్యార్థకం పెట్టి అవస్థ పడ్డారు. ట్విట్టర్ 2010లో ఆ దారి పట్టి 2012లో వెనక్కొచ్చింది. ఈలోపు పుష్‌స్టేట్ వచ్చేసింది, పేజీ మళ్ళీ లోడ్ కాకుండానే యూఆర్ఎల్ మార్చుకోవచ్చు. అంటే పదేళ్ళ పైనుంచీ సాకు లేదు. అయినా మొన్న మా టీమ్‌లో జరిగిన సంభాషణ చూడండి:

"బ్రో, రిపోర్టులో లెక్క తప్పొస్తోంది, లింక్ పంపా చూడు."

"తెరిచా. నాకు మొత్తం అన్ని జిల్లాలూ వస్తున్నాయి."

"అలా కాదు, గుంటూరు సెలెక్ట్ చెయ్. తేదీ మార్చి ఒకటి నుంచి పెట్టు. రద్దయినవి తీసెయ్. మొత్తం మీద నొక్కి సార్ట్ చెయ్. ఇప్పుడు మూడో పేజీకెళ్ళు."

"వెళ్ళా. ఆరో వరుసా?"

"నాకు నాలుగోది..."

పావుగంట! ఆ అయిదు ఎంపికలూ యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఉంటే సరిపోయేది. ఏ జిల్లా, ఏ తేదీ, ఏ పేజీ, ఏ ట్యాబ్... అంటే మనం ఎక్కడున్నాం అన్నది అడ్రసులోనే ఉండాలని నా పట్టు. బ్యాక్ బటన్ దానంతటదే పని చేస్తుంది, బుక్‌మార్క్ పని చేస్తుంది, వాట్సాప్‌లో పంపినా పని చేస్తుంది. సగం టైప్ చేసిన మాటలు, ఆధార్ నంబర్లు మాత్రం అడ్రసులో పెట్టకండి బాబూ. యూఆర్ఎల్ హిస్టరీలో ఉంటుంది, సర్వర్ లాగుల్లో ఉంటుంది, నలుగురి చేతుల్లోకీ వెళ్తుంది.

ఫోన్ల దగ్గరకొస్తే ఇంకా ఘోరం. తక్కువ మెమరీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో ఫారం అంతా నింపుతారు. చివర్లో ఓటీపీ. దాన్ని చూడ్డానికి మెసేజీల్లోకి వెళ్తారు. ఆ కాస్త సమయంలో మెమరీ చాలక సిస్టమ్ వెనకున్న బ్రౌజర్ ట్యాబ్‌ని చంపేస్తుంది. ఓటీపీ నోట్లో వల్లె వేసుకుంటూ తిరిగొచ్చేసరికి పేజీ మళ్ళీ మొదట్నుంచి లోడవుతోంది. కూర తరుగుతూ ఎవరో తలుపు కొట్టారని లేచి వెళ్ళొస్తే కత్తిపీటా లేదు, ముక్కలూ లేవు, వంకాయలు మళ్ళీ సంచిలో ఉన్నట్టు! ఈ పరిస్థితి డెవలపర్‌కి ఎప్పుడూ ఎదురవదు. మన దగ్గర పదహారు జీబీ లాప్‌టాప్ ఉంటుంది కదా :) గడి మారినప్పుడల్లా, పేజీ కనుమరుగైనప్పుడల్లా సెషన్‌స్టోరేజ్‌లో దాచి, తెరిచినప్పుడు తీసి నింపితే చాలు. పేజీ రీలోడ్ అయినా ఉంటుంది, ట్యాబ్ మూసేస్తే పోతుంది. ఓ ఇరవై ముప్పై లైన్ల పని.

దాచడం మానేసి మనవాళ్ళు చేసేదేమిటంటే, "ఈ పేజీ వదిలి వెళ్ళాలనుకుంటున్నారా? మార్పులు పోవచ్చు" అని ఓ పెట్టె చూపించి బెదిరించడం. ఆ పెట్టె చూసినప్పుడల్లా నాకు "నేను దాచలేదు, పాపం నీదే" అని వినబడుతుంది. పైగా ఫోన్లలో అది నమ్మకంగా రాదు కూడా.

అలాగని అన్నీ దాచెయ్యమనటం లేదు. నేను ఓసారి ఉత్సాహం కొద్దీ స్టోర్ మొత్తాన్ని లోకల్‌స్టోరేజ్‌లోకి కుమ్మరించాను. రెండు రకాలుగా దెబ్బ తిన్నాను. ఒకటి, క్లయింటు దగ్గర అకౌంట్స్ చూసే ఆవిడ "నిన్నటి ఆర్డర్లు కనపడ్డం లేదు, డేటా పోయింది" అని ఫోను. అందరం లేచి కూర్చున్నాం. తీరా చూస్తే మూడు వారాల కిందట ఆవిడ పెట్టుకున్న ఫిల్టర్ నేను భక్తిగా గుర్తుపెట్టుకుని ప్రతి పొద్దునా మళ్ళీ పెడుతున్నాను! ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. గుర్తుపెట్టుకున్నప్పుడు, గుర్తుపెట్టుకున్నానని తెరమీద కనబడేట్టు చెప్పాలి, ఒక్క నొక్కుతో తీసేసే వీలివ్వాలి. రెండోది ఇంకా బాగుంటుంది. కొత్త వెర్షన్ విడుదల చేశాం, అందులో ఒక గడి పేరు మార్చాం. పాత స్థితి దాచుకున్నవాళ్ళకి తెల్ల తెర. రిఫ్రెష్ చేస్తే మళ్ళీ అదే చెడ్డ స్థితి తీసుకుని మళ్ళీ తెల్ల తెర. "ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి" అన్న మన కులవిద్య కూడా పనిచెయ్యలేదు. నేను దాచిందే అయినా, తిరిగి తీసేటప్పుడు ముక్కూమొహం తెలీనివాడు ఇచ్చినట్టు తనిఖీ చేసుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది. వెర్షన్ నంబరు వేసి దాచడం, సరిపడకపోతే మారు మాట్లాడకుండా అవతల పారెయ్యడం.

ఇంకోటుంది. మా ఊళ్ళో చాలామంది ఫారాలు నింపేది సొంత కంప్యూటర్లో కాదు, నెట్ సెంటర్లో. లోకల్‌స్టోరేజ్‌లో దాచిన చిత్తు, ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవాడికి కనబడితే? అందుకే లాగిన్ ఉన్న ఫారాలకి చిత్తు సర్వర్లో, ఆ మనిషి ఖాతా కిందే ఉండాలి. యూజర్ ఐడీ, ఫారం పేరు, వెర్షన్, రాసింది, సమయం... ఒక్క టేబుల్. గడి గడికీ పంపుతూ ఉంటే సెషన్ ముగిసే సమయానికి అంతా అప్పటికే అక్కడుంటుంది. కార్డు నంబర్ల లాంటివి అసలు దాచొద్దు, మళ్ళీ అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో కారణం కూడా ఉంది: 2020 నుంచీ సఫారీ, మీరు ఏడు రోజులపాటు ఒక సైట్‌ని ముట్టుకోకుండా బ్రౌజర్ వాడుతుంటే, ఆ సైట్ స్క్రిప్టులు దాచుకున్నది తుడిచేస్తోంది. కాబట్టి బ్రౌజర్ని బీరువా అనుకోకండి, చొక్కా జేబు అనుకోండి.

ఇదంతా కుదిరే పనేనా అనేవాళ్ళకి కేనన్ క్యాట్ గురించి చెప్పాలి. 1987లో వచ్చిన చిన్న కంప్యూటర్, జెఫ్ రాస్కిన్ రూపకల్పన. ఆన్ చెయ్యగానే, ముందురోజు ఆపినప్పుడు తెర ఎలా ఉందో అదే బొమ్మ వచ్చేసేది. లోపల మిగతాది ఇంకా లోడవుతూ ఉండగానే మీరు వదిలిన వాక్యం నుంచి టైపు మొదలుపెట్టచ్చు. ఫ్లాపీ డిస్కుతో చేశారు ఆ పని. వ్యాపారంగా అది నిలవలేదు, అది వేరే సంగతి.

పండగ నుంచి వచ్చాక, మూసేసిన ఆ బగ్‌ని వెతికి పట్టుకుని మళ్ళీ తెరిచాను. మూడు రోజుల పని అని రాశాను. మా మేనేజర్ "యూజర్స్ ఎవరైనా అడిగారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు, నిజమే. వాళ్ళు నోటుపుస్తకాలు కొనుక్కుంటున్నారు. నాన్నగారికి ఫోన్ చేసి, నంబర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాను. "నా చిత్తు పుస్తకం నీకెందుకురా" అంటూనే పంపారు. దాన్ని బగ్‌కి జతచేశాను.

వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం అన్నాడు.