ఒరిజినల్ ఉందిగా, మళ్ళీ మీరెందుకు?

మొన్నామధ్య మా ఆఫీసులో ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఇది. అడిగేసి, సమాధానం కోసం ఆగకుండా కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన వినకపోతే పోనీ, నేను మాత్రం చెప్పదలుచుకున్నా. కాస్త ఘాటుగానే.

సంగతేమిటంటే, మేం నలుగురం. ఇద్దరం డెవలప్‌మెంట్, ఒకడు టెస్టింగ్, ఇంకొకడు డేటాబేసుల మనిషి. కాలేజీ రోజుల్లో కొన్న గిటారూ కీబోర్డూ అటకెక్కి పదేళ్ళు దాటింది. వాటి దుమ్ము దులిపి, కూకట్‌పల్లిలో మా వాడి ఫ్లాటులో ఏడు శనివారాలు కూచుని ఆ-హా వాళ్ళ 'టేక్ ఆన్ మీ' రికార్డు చేశాం. 1985లో ప్రపంచాన్ని ఊపేసిన నార్వే కుర్రాళ్ళ పాట. స్టూడియో అంటే ఏం లేదు, గోడలకి దుప్పట్లు కట్టాం, ఫ్యాన్ ఆపేశాం, చెమటలు కక్కాం. కింది ఫ్లాటాయన రెండుసార్లు తలుపు కొట్టాడు, పాపం. తయారయ్యాక తెలిసినవాళ్ళకి వినిపించాం.

వచ్చిన మాటలు మూడు రకాలు. ఒకటి, "ఒరిజినల్ లా లేదు". రెండు, "వేరేవాళ్ళ పాట పాడటం ఏం గొప్ప, సొంతంగా ఏదైనా చెయ్యొచ్చుగా". మూడు, "ఇది కాపీరైట్ దొంగతనం కాదూ?". మా పాటగాడు అన్నీ నవ్వుతూనే విన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలుగా మైకు ముట్టుకోలేదు. అడిగితే "పని ఎక్కువుంది మామా" అంటాడు. మనకి పని తక్కువున్నదెప్పుడు కనక! నా కోపమంతా దీని గురించే.

ఒక్కొక్కటీ చూద్దాం.

ఒరిజినల్ లా లేదట. అయ్యా, ఏ ఒరిజినల్? ఆ పాట మొదట్లో వినిపించే కీబోర్డు ముక్క ఆ-హా అనే పేరు పుట్టకముందే, పోల్ వాక్టార్, మాగ్నె ఫూరుహోల్మెన్‌ల పాత బ్యాండులో ఇంకో పాట కోసం పుట్టింది. 1984లో 'టేక్ ఆన్ మీ'గా రికార్డు చేసి విడుదల చేస్తే బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. నిర్మాతని మార్చి, అలన్ టార్నీతో మళ్ళీ రికార్డు చేశారు. పెన్సిల్ బొమ్మల వీడియో తోడయ్యాక, 1985 అక్టోబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. 2017లో నార్వేలోనే అన్‌ప్లగ్డ్ కచేరీలో వాళ్ళే దాన్ని బాగా నెమ్మది చేసి, విషాదగీతంలా పాడారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం, వెర్షన్ అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? రాసినవాళ్ళే పాటని రాతిమీద చెక్కిన శాసనం అనుకోలేదు. మనకెందుకు అంత పట్టింపు?

అసలు జబ్బు ఎక్కడుందో నాకు తెలుసు. గణపతి పందిట్లో ఆర్కెస్ట్రా కుర్రాడు పాడితే మనమిచ్చే అతిపెద్ద మెచ్చుకోలు ఏమిటి? "అచ్చం ఘంటసాలే!" అంటే ఆ కుర్రాడు ఎంత లేకుండా పోతే అంత బాగా పాడినట్టన్నమాట. మనిషిని జిరాక్సు మిషను చేసి, కాపీ మసగ్గా వచ్చిందని తిట్టడం మనకి అలవాటైపోయింది.

రెండోది, సొంతంగా చెయ్యొచ్చుగా అని. ఈ మాట అనేవాళ్ళు 80ల పాటల గురించి అసలేం తెలుసుకోలేదు. సాఫ్ట్ సెల్ 1981లో హిట్ చేసిన 'టెయింటెడ్ లవ్' 60లలో గ్లోరియా జోన్స్ పాడినది. సిండీ లాపర్‌ని స్టార్‌ని చేసిన 'గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్' రాసిందీ, ముందు పాడిందీ రాబర్ట్ హాజర్డ్ అనే మగాయన. యూబీ40 వాళ్ళ 'రెడ్ రెడ్ వైన్' నీల్ డైమండ్ 1967 నాటి పాట. వాళ్ళు నేర్చుకున్నది కూడా ఆయన దగ్గర కాదు, టోనీ ట్రైబ్ రెగే పద్ధతిలో పాడిన వెర్షన్ విని! ఇంకో తమాషా. 1987 నవంబరులో అమెరికాలో టిఫనీ పాట నంబర్ వన్‌గా ఉంటే, దాన్ని దించి బిల్లీ ఐడల్ పాట ఆ చోటికొచ్చింది. రెండూ 60ల నాటి టామీ జేమ్స్ బృందం పాటలకి కవర్లే. ఒక కవర్‌ని ఇంకో కవర్ దించిందన్నమాట :) మీరు నెత్తిన పెట్టుకునే 'ఒరిజినల్' దశాబ్దం సంగతి ఇదీ.

అంత దూరం ఎందుకు, మన ఇంట్లోనే చూడండి. త్యాగరాజ కీర్తన ఎంతమంది పాడారు, ఎన్ని తరాలుగా పాడుతున్నారు? ఎవరైనా లేచి "అయ్యా, ఇది కవర్ వెర్షన్, సొంతంగా ఏదైనా పాడండి" అంటారా? అక్కడ పాడినకొద్దీ కీర్తన బతుకుతుంది అంటాం. అదే పని కూకట్‌పల్లి ఫ్లాటులో నలుగురు ఇంజనీర్లు చేస్తే పనిలేని పని అయిపోతుంది.

మూడోది దొంగతనం. అమెరికాలో 1909 నుంచే చట్టంలో దీనికి దారుంది. ఒకసారి రికార్డుగా విడుదలైన పాటని ఎవరైనా తమ గొంతుతో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు, చట్టం చెప్పిన రాయల్టీ కడితే చాలు (వీడియో జోడిస్తే మాత్రం వేరే అనుమతి కావాలి). మన దేశంలో 2012 సవరణతో వచ్చిన 31సీ సెక్షన్ కూడా కవర్లకి దారి ఇచ్చింది. ఇచ్చి, వాకిట్లో పెద్ద బండ పెట్టింది. మొదటి రికార్డు వచ్చి అయిదేళ్ళు గడవాలి, సరే, 80ల పాటకి అదెప్పుడో గడిచింది. కానీ ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలట. మా పాట విన్నది గట్టిగా యాభై మంది! పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప, యజమాని ఒప్పుకోని మార్పులు చెయ్యకూడదు. అంటే చట్టానికీ జిరాక్సే ఇష్టం. ఇది క్యాసెట్ కంపెనీల కొలతలకి కుట్టిన చొక్కా, సరదాకి పాడుకునేవాడికి సరిపడదు. హక్కుదారుడు వద్దంటే తీసేస్తాం, ప్రకటనల డబ్బులొస్తే ఆయన్నే తీసుకోమంటాం. డబ్బులు తీసుకుని పాడేవాడికీ, చేతి డబ్బులు పెట్టుకుని పాడేవాడికీ తేడా చూడని మాట న్యాయమైన మాట కాదు.

అలాగని ప్రతి కవరూ గొప్పదని నేననను. ఎవరో చేసిన ట్రాక్ డౌన్‌లోడ్ చేసుకుని, మీద నాలుగు ముక్కలు పాడి, శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి సరదా దక్కుతుంది, పాట దక్కదు. పాట దక్కాలంటే విప్పి మళ్ళీ కట్టాలి. నిమిషానికి దాదాపు 170 బీట్ల వేగంలో ఆ కీబోర్డు ముక్క వాయిస్తే వేళ్ళు మెలికలు తిరిగాయి. ఇరవయ్యేళ్ళుగా వింటున్నా, కింద బేస్ అంత పని చేస్తోందని అప్పటిదాకా తెలీదు. కోరస్ అట్టడుగు స్వరంలో మొదలై రెండున్నర ఆక్టేవులు పైకెక్కుతుందని, మా వాడి గొంతు పైన చీలినప్పుడే అర్థమైంది. వేరేవాడి కోడ్ ప్రింటవుట్ చదవడం వేరు, డీబగ్గర్‌లో లైను లైనుగా నడిపించి చూడటం వేరు. మనలో ప్రతివాడూ పని నేర్చుకున్నది అలాగేగా?

కాబట్టి ఆ పెద్దమనిషికి నా సమాధానం. ఒరిజినల్ ఉంది సార్, మాకూ తెలుసు. మీరది విన్నారు, మేం దాని లోపలికెళ్ళి వచ్చాం.

ఇక మా పాటగాడికి. ఒరే మామా, పని ఎప్పుడూ ఉండేదే. వచ్చే శనివారం దుప్పట్లు నేను కడతా, కింది ఫ్లాటాయనకి కూడా ముందే చెప్పి ఉంచా. ఆ పైస్వరం మళ్ళీ చీలితే చీలనీ, నువ్వు రా.